ఔరా అనిపించే టెక్నాలజీ విషయం కనిపిస్తే దాన్ని తవ్వి చూడటం ఎలా

"టెలిఫోన్ కంటే ముందే ఫ్యాక్స్ వచ్చింది." "రేకు డబ్బా కనిపెట్టిన 48 ఏళ్లకు గానీ దాన్ని తెరిచే కట్టర్ రాలేదు." "వైఫై కనిపెట్టింది ఒక సినిమా నటి." ఫోన్ చేతిలోకి తీసుకుంటే చాలు, ఇలాంటి ఒక్క లైను విషయాలు వరసగా వస్తూనే ఉంటాయి. చాలామంది చదివి, ఔరా అనుకుని, నలుగురికీ పంపేసి మరిచిపోతారు. ఇంకొందరు ఇదంతా ఉత్తిదే అని కొట్టిపారేస్తారు. నాకు ఈ రెండూ నచ్చవు. ఇలాంటి లైన్లలో చాలావరకు సగం నిజాలు, ఆ మిగతా సగం ఏమిటో వెతుక్కుంటూ వెళ్తే దొరికేది మొదట కనిపించిన దానికంటే ఎన్నో రెట్లు బాగుంటుంది.

పైన రాసిన మూడింటిలో ఒకటి నికార్సయిన నిజం, ఒకటి నిజమే కానీ అసలు సంగతి వేరే చోట ఉంది, మూడోది అలా చెప్పడం తప్పు. ఏది ఏదో మీరే తేల్చుకునే పద్ధతి ఇక్కడ చెప్తాను. ఒక్కో విషయానికి అరగంట తీరిక, ఇంటర్నెట్ ఉంటే చాలు. ఇంజనీరింగ్ చదివి ఉండాల్సిన పని లేదు.

ముందు ఆ వాక్యాన్ని విడదీయండి

వాక్యంలో "మొదటి", "కనిపెట్టారు", "వచ్చింది" అనే మాటలు ఎక్కడున్నాయో చూడండి. గందరగోళమంతా వాటి దగ్గరే ఉంటుంది. ఏ వస్తువుకైనా పుట్టినరోజు ఒక్కటే ఉండదు. ఎవరికో ఆలోచన వచ్చిన ఏడాది ఒకటి, పేటెంట్ (కనిపెట్టినదాని మీద ప్రభుత్వం ఇచ్చే హక్కు) దొరికిన ఏడాది ఒకటి, పనిచేసే నమూనా తయారైన ఏడాది, డబ్బిచ్చి కొనుక్కోగలిగిన ఏడాది, చివరికి అందరి చేతుల్లోకీ వచ్చిన ఏడాది. వీటి మధ్య వందేళ్ల తేడా కూడా ఉండొచ్చు. ఒక వస్తువు ఆలోచన తేదీని, ఇంకో వస్తువు అమ్మకం తేదీని పక్కపక్కన పెడితే ఎంత ఆశ్చర్యమైనా పుట్టించొచ్చు. కాబట్టి రెండింటినీ ఒకే కొలతతో కొలవండి.

ఫ్యాక్స్ సంగతి అలా కొలిచి చూద్దాం. ఫ్యాక్స్ అంటే ఇక్కడ కాగితం మీదున్న రాతనో బొమ్మనో తీగ గుండా పంపి అవతల అలాగే రప్పించే యంత్రం. గడియారాలు చేసే స్కాట్లండ్ మనిషి అలెగ్జాండర్ బెయిన్‌కు బ్రిటన్‌లో అలాంటి యంత్రానికి పేటెంట్ దొరికింది 1843లో. అలెగ్జాండర్ గ్రాహం బెల్‌కు అమెరికాలో టెలిఫోన్ పేటెంట్ దొరికింది 1876 మార్చి 7న. పేటెంట్ కొలతలో ఫ్యాక్స్ 33 ఏళ్లు ముందుంది. సరే, పేటెంట్ అంటే కాగితమే కదా, నిజంగా పనిచేసిందా? ఫ్రెడరిక్ బేక్‌వెల్ అనే ఇంగ్లండ్ వ్యక్తి ఇలాంటి యంత్రాన్నే 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో పెట్టి చూపించాడు. పోనీ, జనం డబ్బిచ్చి వాడుకున్నారా? జియోవాని కసెల్లీ అనే ఇటలీ దేశస్థుడు తయారుచేసిన యంత్రాలతో 1865లో పారిస్, లియాన్ నగరాల మధ్య మామూలు జనానికి సేవ మొదలైంది. అప్పటికి బెల్ ఫోన్ పుట్టడానికి ఇంకా 11 ఏళ్లుంది. మూడు కొలతల్లోనూ ఫ్యాక్సే ముందు. నాలుగో కొలత, అంటే ఆఫీసు ఆఫీసుకూ చేరడం, అక్కడ మాత్రం ఫోన్ చాలా ముందుంది, ఫ్యాక్స్ మిషన్లు విరివిగా వచ్చింది 1980లలో. చూశారా, అదే వాక్యం ఇప్పుడు ఎంత గట్టిగా నిలబడిందో, ఎక్కడ నిలబడదో కూడా తెలిసిపోయింది.

ఇక్కడితో ఆగొద్దు. అసలు ఇంకా దొరకలేదు. ఫ్యాక్స్ ఎందుకు ముందు రాగలిగింది? బెయిన్ గడియారాలు చేసేవాడన్న మాట ఊరికే చెప్పలేదు. రెండు ఊళ్లలో రెండు లోలకాలు ఒకే లయలో ఊగాలి. కసెల్లీ యంత్రంలోనైతే పంపే చోట ఒక సూది లోహపు రేకు మీద గీతలు గీతలుగా కదులుతుంది, రేకు మీద కరెంటు పారని సిరాతో రాసి ఉంటుంది. సూదికి సిరా తగిలినప్పుడు, తగలనప్పుడు కరెంటులో తేడా వస్తుంది. అందుకునే చోట రసాయనంలో తడిపిన కాగితం మీద ఇంకో సూది అదే లయలో కదులుతూ ఉంటుంది, కరెంటు పారిన చోట కాగితం రంగు మారుతుంది. కరెంటు ఉంది, లేదు, ఇంతకుమించి తీగలో ఏమీ వెళ్లక్కర్లేదు, అంతమాత్రం పని టెలిగ్రాఫ్ తీగలు అప్పటికే చేస్తున్నాయి. మనిషి గొంతు అలా కుదరదు. గొంతులో హెచ్చుతగ్గులకు తగ్గట్టు కరెంటు కూడా తెగకుండా హెచ్చుతూ తగ్గుతూ ఉండాలి, అది చేసి చూపించడం చాలా కష్టమైంది. అంటే బొమ్మ పంపడం కంటే మాట పంపడమే కష్టమైన పని అన్నమాట. నాకైతే 1843 అన్న అంకె కంటే ఈ సంగతే పదింతలు బాగుంది.

పేటెంట్ తెరిచి చదవడం

ఇది చాలామంది భయపడే మెట్టు, నిజానికి తేలిక. గూగుల్ పేటెంట్స్ అనే సైట్ ఉచితం. అమెరికా పేటెంట్ అయితే వెతికే గడిలో యూఎస్ అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి, ఖాళీ వదలకుండా నంబర్ కొట్టండి. పాత పేటెంట్లను పేరుతో వెతికితే తరచూ దొరకవు, ఎందుకంటే అవి స్కాన్ చేసిన కాగితాలు, వాటిలోని అక్షరాలను మిషన్ తప్పుగా చదివి ఉంటుంది. నంబర్‌తో వెతకండి. నంబర్ ఆ ఆవిష్కరణ గురించిన వికీపీడియా పేజీలో కింద మూలాల దగ్గర చాలాసార్లు ఉంటుంది.

తెరిచాక మొదటి పేజీ నుంచి చదవకండి. ముందు బొమ్మలు చూడండి. తర్వాత మొదటి రెండు పేరాలు, అక్కడ ఇది దేనికి పనికొస్తుందో రాసినవాళ్లే చెప్తారు. చివర్లో క్లెయిమ్స్ అని నంబర్లు వేసిన భాగం ఉంటుంది, "ఇదిగో, ఇంతవరకు మాది" అని వాళ్లు గీసుకున్న గీత అది. ఆ గీత బయట ఉన్నదేదీ ఆ పేటెంట్ హక్కు కిందకు రాదు. తేదీలు రెండుంటాయి, దరఖాస్తు పెట్టింది ఒకటి, మంజూరైంది ఒకటి. ఇంటర్నెట్‌లో తిరిగే ఏడాది లెక్కల్లో వచ్చే గొడవలు సగం ఈ రెండింటినీ కలిపేయడం వల్లే వస్తాయి.

వైఫై నటి, అంటే హాలీవుడ్ తార హెడీ లమార్, విషయం ఇలా చూద్దాం. ఆమె పేటెంట్ నంబర్ 2292387. దరఖాస్తు 1941 జూన్‌లో, మంజూరు 1942 ఆగస్టు 11న. పేర్లు రెండున్నాయి: హెడీ కీస్లర్ మార్కీ, జార్జ్ యాంథైల్. హెడీ లమార్ పేరే కనబడదేం అని కంగారు పడకండి, అది ఆమె సినిమా పేరు, పేటెంట్‌లో ఉన్నది అప్పటి చట్టబద్ధమైన పేరు. యాంథైల్ సంగీతకర్త. బొమ్మలు చూస్తే చిల్లులు పొడిచిన కాగితపు చుట్టలు కనిపిస్తాయి, తనంతట తానే మోగే పియానోల్లో వాడేలాంటివి. పియానోకు ఉన్నట్టే 88 వరసల చుట్ట గురించి కూడా రాశారు. సంగీతకర్త ఈ పేటెంట్‌లో ఏం చేస్తున్నాడో అక్కడ అర్థమవుతుంది.

దీని పని ఏమిటంటే, రేడియోతో నడిపే టార్పెడోకు (నీళ్లలో దూసుకెళ్లి ఓడను పేల్చే ఆయుధం) పంపే సంకేతాన్ని శత్రువు అడ్డుకోకుండా చూడటం. ఒకే ఫ్రీక్వెన్సీలో పంపితే శత్రువు అదే ఫ్రీక్వెన్సీలో రొద పెట్టి ఆపేయగలడు. అందుకని పంపేవాడూ అందుకునేవాడూ ఒకేలాంటి చుట్టల్ని ఒకే వేగంతో తిప్పుతూ, చిల్లు మారినప్పుడల్లా ఇద్దరూ ఒకేసారి కొత్త ఫ్రీక్వెన్సీకి దూకుతారు. అప్పట్లో అమెరికా నౌకాదళం దీన్ని వాడుకోలేదు.

మరి వైఫై? 1997లో వచ్చిన మొదటి వైఫై ప్రమాణంలో ఇలా ఫ్రీక్వెన్సీలు దూకే పద్ధతి ఒక ఐచ్ఛికంగా ఉండేది, కానీ 1999లో వచ్చి జనంలోకి వెళ్లిన తర్వాతి రకం వేరే పద్ధతి వాడింది. ఈ ఫ్రీక్వెన్సీలు దూకే పద్ధతి ఇప్పటికీ రోజూ వాడేది బ్లూటూత్‌లో. మామూలు బ్లూటూత్ 79 చానళ్ల మధ్య సెకనుకు 1600 సార్లు దూకుతుంది. కాబట్టి ఆమె వైఫై కనిపెట్టిందనడం తప్పు. ఆమె పేటెంట్‌లోని ఆలోచన ఈరోజు చెవుల్లో పెట్టుకునే ఇయర్‌బడ్స్‌లో పనిచేసే పద్ధతికి దగ్గరి చుట్టం అనడం సరైనది. ఒక నటి, ఒక సంగీతకర్త యుద్ధం మధ్యలో కూర్చుని టార్పెడో గురించి ఇంత ఆలోచించారంటే అంతకంటే ఏం కావాలి, దానికి లేని వైఫైని తగిలించడం వాళ్లకే అన్యాయం.

పేటెంట్ వల్ల ఇంకో ఉపయోగం ఉంది. అది రహస్యం కాదు, మంజూరైన రోజు నుంచి అందరూ చదువుకోవచ్చు. కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ 1975లో డిజిటల్ కెమెరా తయారుచేస్తే కంపెనీ దాన్ని దాచేసిందని ఒక కథ తిరుగుతుంది. ఆ కెమెరా నిజం. 100 చుక్కలు అడ్డంగా, 100 నిలువుగా, ఒక్క ఫోటో క్యాసెట్ టేపు మీదకు ఎక్కడానికి 23 సెకన్లు. కానీ 4131919 నంబర్ కొట్టి చూడండి, 1978 డిసెంబర్‌లోనే పేటెంట్ వచ్చి, బొమ్మలతో సహా ప్రపంచం ముందు ఉంది. వాళ్లు దాన్ని అమ్మకానికి పెట్టడంలో వెనకాడారు అంటే ఒప్పుకోవచ్చు, దాచారు అంటే కుదరదు.

"అప్పటిదాకా ఎందుకు రాలేదు?"

రెండు తేదీల మధ్య పెద్ద ఎడం చూపించి ఆశ్చర్యపరిచే లైన్లకు ఈ ఒక్క ప్రశ్న చాలు. డబ్బా, కట్టర్ సంగతి అలాంటిదే. ఆహారం నిలవ చేసే డబ్బాకు పీటర్ డ్యూరాండ్ పేరున బ్రిటన్‌లో పేటెంట్ వచ్చింది 1810లో. అమెరికాలో ఎజ్రా వార్నర్ కట్టర్‌కు పేటెంట్ 1858 జనవరి 5న. తీసివేస్తే 48, లెక్క సరిపోయింది. (బ్రిటన్‌లో రాబర్ట్ యేట్స్ కట్టర్ 1855 నాటిది, అది లెక్కలోకి తీసుకుంటే 45.) లైను చదివినవాళ్లు, అంతకాలం జనానికి ఈ చిన్న విషయం తట్టలేదా అనుకుంటారు. తట్టకపోవడం కాదు. మొదట్లో డబ్బాలు మందపాటి ఇనుప రేకుతో చేసేవాళ్లు, ఉలి, సుత్తి పెట్టి పైభాగం చుట్టూ కొట్టి తెరవమని దాని మీదే రాసేవాళ్లు. కొన్నది కూడా ఎక్కువగా సైన్యాలు, ఓడలు, ధ్రువప్రాంతాలకు వెళ్లే యాత్రికులు, ఉలీ సుత్తీ వాళ్ల దగ్గర ఎలాగూ ఉంటాయి. చేత్తో కోయగలిగే కట్టర్‌కు చేత్తో కోయగలిగే రేకు ముందు రావాలి, అంత పల్చటి రేకు డబ్బాలు వచ్చేసరికి శతాబ్దం సగం గడిచింది. ఆలస్యం కట్టర్‌ది కాదు, రేకుది.

ఇదే ప్రశ్న లైటర్, అగ్గిపుల్ల విషయంలో అడిగితే ఇంకా మంచి జవాబు వస్తుంది. అగ్గిపుల్ల కంటే లైటర్ ముందు వచ్చిందన్నది నిజమే, అయితే ఏ అగ్గిపుల్ల అన్నది చెప్పాలి: గీస్తే వెలిగేది. జర్మనీలోని యేనా విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చెప్పే యోహన్ డోబరైనర్ 1823లో తన దీపం తయారుచేశాడు, ఇంగ్లండ్‌లో మందుల దుకాణం నడిపే జాన్ వాకర్ గీసే అగ్గిపుల్లలు అమ్మడం మొదలుపెట్టింది 1827లో. డోబరైనర్ దీపంలో జింకు ముక్క ఆమ్లంలో మునిగి హైడ్రోజన్ వస్తుంది, ఆ వాయువు స్పాంజిలా ఉండే ప్లాటినం మీద తగలగానే అంటుకుంటుంది, ఏ నిప్పురవ్వా అక్కర్లేదు. ప్లాటినం తాను కరిగిపోకుండా చర్యను మాత్రం జరిపిస్తుంది. కార్ల పొగగొట్టంలో విషవాయువుల్ని తగ్గించే కన్వర్టర్లలో ప్లాటినం చేసే పని కూడా ఈ జాతిదే. అగ్గిపుల్లకేమో గీయగానే మండే, గీయనంతసేపు బుద్ధిగా ఉండే మిశ్రమం కావాలి, ఆ రెండు గుణాలూ ఒకేచోట కుదర్చడం కష్టం. పెట్టెలో పట్టే చిన్న పుల్ల చూడటానికి తేలిక వస్తువు, తయారీకి కష్టమైన వస్తువు.

ఎలక్ట్రిక్ కార్ల గురించి కూడా ఒక్క మాట. గంటకు 100 కిలోమీటర్లు దాటిన మొదటి కారు ఎలక్ట్రిక్ కారే. బెల్జియం దేశస్థుడు కామిల్ జెనాట్జీ 1899 ఏప్రిల్ 29న పారిస్ దగ్గర 105.88 కిలోమీటర్ల వేగంతో నడిపాడు. మరి ఆ తర్వాత ఎందుకు వెనకబడ్డాయి అంటే కారణాలు చాలా ఉన్నాయి, అందులో ఒకటి నాకు చాలా ఇష్టం. పెట్రోల్ కారును స్టార్ట్ చేయాలంటే ముందు నిలబడి చేత్తో హ్యాండిల్ తిప్పాల్సి వచ్చేది, అది ఎదురుతన్నితే చెయ్యి విరిగేది. చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన స్టార్టర్ 1912 మోడల్ కాడిలాక్ కార్లలో వచ్చి ఆ బాధ తీర్చింది. ఆ స్టార్టర్ ఏమిటి? బ్యాటరీతో తిరిగే ఒక ఎలక్ట్రిక్ మోటార్.

అంకె కనిపిస్తే కాగితం మీద పెట్టండి

అంకెలున్న విషయాన్ని లెక్క చేయకుండా నమ్మొద్దు, లెక్క చేయకుండా కొట్టెయ్యనూ వద్దు. ఉదాహరణకు: "ఐన్‌స్టీన్ సాపేక్షత సిద్ధాంతం లేకపోతే జీపీఎస్ రోజుకు 11 కిలోమీటర్లు తప్పు చూపిస్తుంది." జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతాయి. వేగం వల్ల వాటి గడియారాలు రోజుకు సుమారు 7 మైక్రోసెకన్లు నెమ్మదిస్తాయి, అంత ఎత్తులో గురుత్వాకర్షణ తక్కువ కాబట్టి సుమారు 45 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. రెండూ కలిపితే రోజుకు 38 మైక్రోసెకన్లు, అంటే 0.000038 సెకను, ముందు. కాంతి సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. 3,00,000ని 0.000038తో గుణించండి. 11.4 వస్తుంది. ఆ 11 ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు మీకు తెలుసు.

అయితే ఆ 11 కిలోమీటర్లు దేనిలో తేడా? ఉపగ్రహానికీ మీకూ మధ్య దూరం కొలిచే లెక్కలో. మీ ఫోన్‌లో అణుగడియారం లేదు, కాబట్టి జీపీఎస్ రిసీవర్ తన గడియారం ఎంత తప్పుగా ఉందో కూడా ఒక తెలియని అంకెగా తీసుకుని, నాలుగు ఉపగ్రహాల సంకేతాలతో దాన్నీ లెక్కగట్టేస్తుంది. అన్ని ఉపగ్రహాల గడియారాలూ ఒకే మోతాదులో ముందుకు పోతే ఆ తేడాను తన గడియారం తప్పు కిందే జమకట్టి చాలావరకు తీసేస్తుంది. కాబట్టి మ్యాప్ మీద మీ చుక్క రోజుకు 11 కిలోమీటర్లు జరిగిపోతుందనడం తొందరపాటు. సాపేక్షత ప్రభావం మాత్రం అక్షరాలా నిజం, అందుకే ఉపగ్రహం గడియారం టిక్కుల వేగాన్ని పైకి పంపే ముందే 10.23 మెగాహెర్ట్జ్‌కు బదులు 10.22999999543 మెగాహెర్ట్జ్‌కు సర్ది పంపుతారు. తొమ్మిదో దశాంశ స్థానం దగ్గర సిద్ధాంతాన్ని నమ్మి గడియారం దిద్దుతున్నారు! ఇంత చక్కని విషయం ఉండగా 11 కిలోమీటర్లు ఎవరిక్కావాలి.

పోలికలు కూడా అంతే. "చంద్రుడి మీదకు వెళ్లిన కంప్యూటర్ కంటే మీ ఫోన్ లక్షల రెట్లు గొప్పది" అన్న మాట మెమరీ లెక్కలో నిజం. అపోలో కంప్యూటర్‌లో మార్చి రాయగలిగే మెమరీ 2048 పదాలు, అంటే దాదాపు 4 కిలోబైట్లు, మార్చలేని మెమరీ 36,864 పదాలు. కానీ కొలవాల్సింది మెమరీ ఒక్కటేనా? ఆ మార్చలేని ప్రోగ్రామ్‌ను తీగలతో అల్లేవాళ్లు. చిన్న అయస్కాంత వలయం గుండా తీగ పోతే 1, పక్క నుంచి పోతే 0. మహిళా కార్మికులు చేత్తో, మిషన్ సాయంతో అల్లిన ప్రోగ్రామ్ అది. 1969 జులై 20న దిగుతుండగా పని ఎక్కువై 1202 అనే హెచ్చరిక వచ్చినప్పుడు ఆ కంప్యూటర్ ఆగిపోలేదు, అవసరం తక్కువ ఉన్న పనుల్ని వదిలేసి, దిగడానికి కావాల్సిన పనులు మళ్లీ మొదలుపెట్టింది. ముందే అలా రాసిపెట్టారు. పోలిక చెప్పే లైను ఈ సంగతి మింగేస్తుంది. అందుకే పోలిక కనిపిస్తే, దేన్ని కొలిచారు, దేన్ని వదిలేశారు అని చూడండి.

నీతి కథలా ఉంటే ఇంకాస్త జాగ్రత్త

కథ చివర ఒక నీతి తయారుగా ఉంటే, తెలివైనవాడు, తెలివితక్కువవాడు అని రెండు పాత్రలుంటే అక్కడ ఎవరో కథను నున్నగా చెక్కారని అర్థం. అంతరిక్షంలో రాసే పెన్ను కోసం నాసా లక్షల డాలర్లు పోసిందట, రష్యావాళ్లు హాయిగా పెన్సిల్ వాడారట. వినడానికి ఎంత బాగుందో. అసలు లెక్క: నాసా కూడా పెన్సిల్లే వాడింది, 1965లో 34 మెకానికల్ పెన్సిళ్లకు 4,382.50 డాలర్లు పెట్టి విమర్శలు తిన్నది కూడా. పెన్ను తయారుచేసింది పాల్ ఫిషర్ కంపెనీ, తన సొంత డబ్బుతో. నాసా కొన్నది 400 పెన్నులు, ఒక్కోదానికి 6 డాలర్లకు మించకుండా. 1969లో సోవియట్ యూనియన్ కూడా అవే కొన్నది. పెన్సిల్ ఎందుకు పనికిరాదంటే ముల్లు విరిగితే ఆ ముక్క తేలుతూ తిరుగుతుంది, గ్రాఫైట్‌లో కరెంటు పారుతుంది, స్విచ్చుల్లో దూరితే షార్ట్ అవుతుంది. పైగా చెక్క, గ్రాఫైట్ రెండూ మండే వస్తువులే. 1967లో అపోలో 1లో మంటలు చెలరేగి ముగ్గురు వ్యోమగాములు చనిపోయాక మండే వస్తువు ఏదైనా సరే ఎంత భయంగా చూసి ఉంటారో ఊహించుకోండి.

ఇలాంటి కథలకు ఒక మంచి పరీక్ష ఉంది: కథ జరిగిన కాలానికి దగ్గరగా ఎవరైనా ఆ మాట రాశారా? గూగుల్ బుక్స్‌లో ఫలానా ఏడాది లోపు పుస్తకాలు మాత్రమే చూపమని పెట్టొచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో 19వ శతాబ్దపు పత్రికల సంపుటాలు స్కాన్ చేసి ఉన్నాయి. కీబోర్డ్ మీద క్వెర్టీ వరసను (పై వరసలో Q, W, E, R, T, Y అని మొదలయ్యే అమరిక) టైపిస్టుల వేగం తగ్గించడానికే పెట్టారన్న మాటను ఇలా వెతకండి. టైప్‌రైటర్ తయారుచేసిన క్రిస్టఫర్ షోల్స్ 1878 పేటెంట్, నంబర్ 207559, తెరిస్తే అక్షరాల వరస బొమ్మలో కనిపిస్తుంది, వేగం తగ్గించాలన్న మాట కనిపించదు. టైప్‌రైటర్ లోపల అక్షరాలు కొట్టే కడ్డీలు చిక్కుకోకుండా చూడటానికి అని ఇంకొందరు చెప్తారు. ఇంగ్లిష్‌లో తరచుగా జంటగా వచ్చే ఈ, ఆర్ అక్షరాలు కీబోర్డ్ మీద పక్కపక్కనే ఉన్నాయి కదా అని మీరు అడగొచ్చు, మంచి ప్రశ్నే, కాకపోతే కీల వరస ఒకటి, లోపల కడ్డీలు అమర్చిన వరస ఒకటి, దాన్నొక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకండి. మోర్స్ సంకేతాలు విని టైపు చేసే టెలిగ్రాఫ్ ఉద్యోగుల అవసరాలే ఈ వరసను మలిచాయని క్యోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో వాదించారు. ఇలాంటి చోట "ఇంకా తేలలేదు" అని రాసుకుని ముందుకెళ్లడం కూడా మంచి పరిశోధనే.

కోర్టు తీర్పుల పేరు చెప్పే లైన్లకు తీర్పే చదవండి. "1943లో అమెరికా సుప్రీంకోర్టు రేడియో కనిపెట్టింది మార్కోనీ కాదు, టెస్లా అని తేల్చింది" అని తెగ తిరుగుతుంది. తీర్పులో ఉన్నదేమిటంటే, మార్కోనీ తీసుకున్న ఒక పేటెంట్, నంబర్ 763772, అందులోని ముఖ్యమైన క్లెయిమ్స్ చెల్లవు, ఎందుకంటే లాడ్జ్, టెస్లా, స్టోన్ ముగ్గురి పని అంతకుముందే ఉంది. మార్కోనీ మొట్టమొదటి పేటెంట్, దానివల్ల వచ్చిన పేరు ఇక్కడ వివాదంలో లేవని కూడా అందులోనే రాశారు. ట్యూనింగ్ గురించిన తీర్పును ఎవరో రేడియో మొత్తానికి చేసేశారు.

తవ్వింది ఇంకొకరికి చెప్పేటప్పుడు

ఒక నోట్‌బుక్కో, ఫోన్‌లో ఒక ఫైలో పెట్టుకోండి. విన్న వాక్యం ఉన్నదున్నట్టు రాయండి. దాని కింద దొరికిన తేదీలు, ఏ తేదీ దేనిదో (పేటెంటా, అమ్మకమా), ఎక్కడ చూశారో, నంబర్ ఏమిటో. ఆ కింద మీరు దిద్దిన వాక్యం. దిద్దిన వాక్యం మొదటిదానికంటే చప్పగా ఉంటే ఇంకా తవ్వాల్సింది ఉందని అర్థం, "ఎందుకు" అన్న ప్రశ్నకు జవాబు మీకింకా దొరకలేదు. బెయిన్ లోలకాలు, పల్చటి రేకు, 10.22999999543, ఇలాంటి ఒక వివరం చేతికి దొరికేదాకా వదలొద్దు.

చాట్‌బాట్‌ను అడిగి తెలుసుకోవడంలో తప్పేమీ లేదు, కాకపోతే జవాబును కాక పేటెంట్ నంబర్‌నో పత్రిక పేరునో అడిగి తీసుకుని, అది మీరే తెరిచి చూడండి. లేని నంబర్‌ను కూడా అవి ధైర్యంగా ఇస్తాయి. వస్తువు చేసినవాళ్లే తర్వాత రాసిన జ్ఞాపకాలు దొరికితే తప్పకుండా చదవండి. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ లాబొరేటరీలో 1991లో కాఫీ పాత్ర మీద కెమెరా పెట్టి, నిండుగా ఉందో ఖాళీగా ఉందో కూర్చున్న చోటి నుంచే చూసుకునేవాళ్లు, దాని కథ అది తయారుచేసినవాళ్లే రాసి పెట్టారు. అయితే ఏళ్ల తర్వాత రాసిన జ్ఞాపకంలో తేదీలు అటూఇటూ కావొచ్చు, తేదీ మాత్రం వేరే చోట సరిచూసుకోండి.

మొదటిసారి ప్రయత్నించేవాళ్లకు నా సలహా, పెద్ద పేర్లున్న గొడవలతో మొదలుపెట్టకండి. ఎడిసన్, టెస్లా, బెల్ అని వెతికితే అభిమానుల వాదనలే పేజీలకు పేజీలు వస్తాయి. బల్బు సంగతే చూడండి, ఇంగ్లండ్‌లో జోసెఫ్ స్వాన్ కూడా 1879లోనే వెలిగించి చూపించాడు, చివరికి బ్రిటన్‌లో ఎడిసన్, స్వాన్ ఇద్దరి కంపెనీలూ కలిసిపోయాయి, ఇంత చిన్న సంగతికి వాదనలు ఎన్ని కావాలంటే అన్ని. చిన్న వస్తువు తీసుకోండి, ఒకే పేటెంట్ ఉన్నది. 2495429 మంచి మొదలు: రేథియాన్ కంపెనీలో పర్సీ స్పెన్సర్ 1945 అక్టోబర్‌లో దరఖాస్తు పెట్టి 1950 జనవరిలో మంజూరు చేయించుకున్న మైక్రోవేవ్ వంట పేటెంట్. జేబులో చాక్లెట్ కరిగిపోయిందన్న కథ మీరు వినే ఉంటారు. ముందు బొమ్మ చూడండి, తర్వాత క్లెయిమ్స్‌కు వెళ్లి, ఆయన దేన్ని తనదన్నాడో, రాడార్ కోసం చేసిన గొట్టం వంటకు ఎలా పనికొచ్చిందో మీ మాటల్లో నాలుగు వాక్యాలు రాయండి, ఆ తర్వాతే చాక్లెట్ దగ్గరికి రండి.